అరోరా విద్యుత్ క్షేత్రాలలో కల్లోలం, స్కేలింగ్

అరోరా వెలిగే ఆకాశంలో, నేల నుంచి సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున మొదలై పైకి కొన్ని వేల కిలోమీటర్ల దాకా, విద్యుత్ క్షేత్రం నిలకడగా ఉండదు. వందల కిలోమీటర్ల మేర నెమ్మదిగా మారే క్షేత్రం మీద కిలోమీటరు, వంద మీటర్లు, చివరికి మీటరు పరిమాణంలో ఉండే ఒడుదొడుకులు ఒకదానిపై ఒకటి పేరుకుని ఉంటాయి. పరిమాణం తగ్గేకొద్దీ వీటి బలం ఏ లెక్కన తగ్గుతుందో చెప్పేదే స్కేలింగ్. ఆ లెక్క చాలాసార్లు ఒక సరళమైన ఘాత నియమానికి లొంగుతుందని 1970ల నుంచి ఉపగ్రహాలు, రాకెట్లు, రాడార్లు చూపుతూ వచ్చాయి. నీటిలో, గాలిలో కనిపించే టర్బులెన్స్, అంటే కల్లోల ప్రవాహం కూడా ఇలాంటి నియమానికే లోబడుతుంది కాబట్టి అరోరా క్షేత్రాలనూ అదే కోవలో చేర్చడం రివాజయింది. ఆ చేర్పు ఎంతవరకు సబబు అన్నది ఇంకా తేలలేదు. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ పేచీకే.

క్షేత్రం పుట్టుక

సూర్యుడి నుంచి వీచే సౌరపవనం భూమి అయస్కాంతావరణాన్ని ఒరుసుకుంటూ పోతూ అందులోని ప్లాస్మాను కదిలిస్తుంది. ఆ కదలిక వల్ల పుట్టిన వోల్టేజి అయస్కాంత బలరేఖల వెంట కిందికి దిగి, ఉభయ ధ్రువాల దగ్గర అయస్కాంత అక్షాంశం 65 నుంచి 70 డిగ్రీల ప్రాంతంలో అయనావరణాన్ని, అంటే వాతావరణం పైన అయాన్లతో నిండిన పొరను, చేరుతుంది. బలరేఖల వెంట విద్యుత్ ప్రవాహాలు దిగి, అయనావరణంలో అడ్డంగా పారి, మరోచోట పైకి పోతాయని నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్క్‌లాండ్ 1908లోనే ప్రతిపాదించారు. సిడ్నీ చాప్మన్ వంటి పెద్దలు ఒప్పుకోలేదు. 1960ల చివర, 1970ల మొదట్లో ఉపగ్రహాల్లోని మాగ్నెటోమీటర్లు వాటిని పట్టుకున్నాక గాని ఆ వాదం ముగియలేదు. ఇప్పుడు వాటిని బిర్క్‌లాండ్ ప్రవాహాలనే అంటారు.

అయనావరణంలో ఈ క్షేత్రం మామూలుగా మీటరుకు కొన్ని పదుల మిల్లీవోల్టులు ఉంటుంది. వినడానికి చిన్న సంఖ్య. కానీ 150–200 కిలోమీటర్లకు పైన, వాయుకణాలతో ఢీకొనడం అరుదైన చోట, ప్లాస్మా అంతా విద్యుత్ క్షేత్రానికీ అయస్కాంత క్షేత్రానికీ లంబమైన దిశలో కొట్టుకుపోతుంది. దాని వేగం ఆ రెండింటి నిష్పత్తికి సమానం. అయస్కాంత క్షేత్రం 50,000 నానోటెస్లాలు, విద్యుత్ క్షేత్రం మీటరుకు 50 మిల్లీవోల్టులు అయితే ఆ వేగం సెకనుకు ఒక కిలోమీటరు. అంటే అక్కడ విద్యుత్ క్షేత్రాన్ని కొలవడమూ, ప్లాస్మా వేగాన్ని కొలవడమూ ఒకటే. ద్రవాల వేగం గురించి రాసిన సిద్ధాంతాన్ని తెచ్చి విద్యుత్ క్షేత్రానికి పెట్టడం సాధ్యమైంది ఇందువల్లే.

పైకి పోయేకొద్దీ కథ మారుతుంది. ఎస్3-3 అనే అమెరికన్ ఉపగ్రహం 8,000 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్లి, మీటరుకు వందల మిల్లీవోల్టుల క్షేత్రాలను చాలా సన్నని పట్టీలలో చూసింది. ఫారెస్ట్ మోజర్ బృందం 1977లో వాటిని ప్రకటించింది. ఎలక్ట్రాన్లకు కొన్ని వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తినిచ్చి కిందికి తోసేది ఈ ప్రాంతమే. అవి 100 కిలోమీటర్ల ఎత్తుకు దిగి ఆక్సిజన్‌ను గుద్దితే 557.7 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగు వస్తుంది. స్వీడన్ ఉపగ్రహం ఫ్రెయా 1,700 కిలోమీటర్ల ఎత్తున, కిలోమీటరు వెడల్పు మాత్రమే ఉన్న చోట, మీటరుకు ఒక వోల్టు స్థాయి క్షేత్రాలను చూసింది. పదుల మిల్లీవోల్టుల సగటు మీద ఒక వోల్టు ఉబుకు! ఇంత తేడా ఉన్న రాశికి సగటు చెప్పి ఊరుకుంటే ఏమీ చెప్పనట్టే.

కొలిచే తీరు

తొలి పద్ధతి చూడ్డానికి ముచ్చటైనది. 1960లలో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు సంధ్యవేళల్లో రాకెట్ల నుంచి బేరియం ఆవిరిని వదిలేవారు. నేల మీద చీకటి, పైన ఇంకా ఎండ. విద్యుదావేశం లేని బేరియం పచ్చగా మెరుస్తూ గాలితో పోతుంది; ఎండ తగిలి అయాన్లుగా మారిన భాగం నీలి ఊదారంగులో వెలుగుతూ, బలరేఖ వెంట చారలా సాగి, విద్యుత్ క్షేత్రం చెప్పిన దిక్కుకు జరుగుతుంది. రెండు మబ్బులు విడిపోవడాన్ని కెమెరాతో తీస్తే క్షేత్రం విలువ చేతికొస్తుంది. ఆ చారల్లో పడే ముడతలు క్షేత్రం నునుపుగా లేదని కంటికే చూపించాయి.

తర్వాత స్థిరపడింది జంట గోళాల పద్ధతి. పొడవాటి కడ్డీల కొసన రెండు లోహపు గోళాలుంటాయి. వాటి మధ్య వోల్టేజిని దూరంతో భాగిస్తే క్షేత్రం. చెప్పుకోడానికి ఇంతే, చేయడానికి కష్టం. ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో అయస్కాంత క్షేత్రాన్ని అడ్డంగా కోస్తూ పోవడం వల్లే మీటరుకు 300 మిల్లీవోల్టులకు పైగా క్షేత్రం పుడుతుంది. కావలసిన పదుల మిల్లీవోల్టుల కోసం ముందు ఈ వందలను కచ్చితంగా తీసివేయాలి. ఉపగ్రహం ఎటు తిరిగి ఉందో తెలియడంలో చిన్న పొరపాటు జరిగినా లెక్క పాడవుతుంది. అదృష్టం ఏమిటంటే ఆ పొరపాటు మెల్లగా మారుతుంది కాబట్టి చిన్న పరిమాణపు ఒడుదొడుకులను అంతగా చెడగొట్టదు. స్కేలింగ్ చదివేవారికి ఇది కలిసొచ్చిన సంగతి.

నేల మీది నుంచి చూసేవి రాడార్లు. నార్వేలోని ట్రోమ్సో కేంద్రంగా ఐస్కాట్ 1981 నుంచి పనిచేస్తోంది. ఉభయ ధ్రువాల చుట్టూ సూపర్‌డార్న్ రాడార్ల వల ఉంది. రాడార్ ఒకే ప్రాంతాన్ని గంటల తరబడి చూడగలదు, కాని పదుల కిలోమీటర్ల కంటే సన్నని వివరం సాధారణంగా అందదు. రాకెట్, ఉపగ్రహాలది దీనికి తిరగబడిన తంతు.

ఉపగ్రహం ఇచ్చేది ఒకే గీత వెంట, ఒకసారి పోతూ తీసిన కొలతలు. రైలు కిటికీలోంచి చూసేవాడికి కరెంటు స్తంభాలు గబగబా పరిగెత్తినట్టే, స్థలంలోని మార్పు ఉపగ్రహానికి కాలంలోని మార్పుగా కనిపిస్తుంది. ఒక కిలోమీటరు పరిమాణపు నిర్మాణం సెకనుకు ఏడెనిమిది కంపనాలుగా నమోదవుతుంది. అవి నిజంగా నిలకడగా ఉన్న నిర్మాణాలా, కంపిస్తున్న తరంగాలా? నిర్మాణం మారేలోపే మనం దాటిపోయాం అనుకుని లెక్క సాగించడాన్ని, 1938లో దాన్ని గాలి కల్లోలానికి వాడిన జి.ఐ. టేలర్ పేరుతో, టేలర్ ఊహ అంటారు. అరోరాలో పెద్ద పరిమాణాల దగ్గర అది బాగానే నిలుస్తుంది, చిన్నవాటి దగ్గర అనుమానం. అయనావరణం పైభాగంలో, అయస్కాంత బలరేఖల వెంట సాగే అల్ఫ్‌వెన్ తరంగాలు చిక్కుకుని, సెకనుకు ఒకటికి లోపు నుంచి కొన్ని కంపనాల దాకా ఊగే ఒక అనునాద ప్రాంతం ఉంది. ఉపగ్రహం నమోదు చేసే కంపనాలతో వీటి కంపనాలు కలిసిపోతాయి. 2001లో గోరన్ మార్క్‌లుండ్ బృందం నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు ఒకదాని వెనక ఒకటి ఒకేచోట దాటినప్పటి కొలతలను ప్రకటించింది. 20,000 కిలోమీటర్లకు పైన ఒక క్షేత్ర నిర్మాణం సుమారు 200 సెకన్ల పాటు బలపడి తర్వాత మాయమైంది. ఒక్క ఉపగ్రహమే ఉండుంటే దాని వయసు తెలిసేది కాదు.

స్కేలింగ్ లెక్క

క్షేత్రంలో కొంత ఎడం ఉన్న రెండు చోట్ల విలువల తేడా తీసుకోండి. ఆ ఎడాన్ని పెంచుతూ పోతే తేడా సగటున ఎలా పెరుగుతుంది? క్షేత్రం పూర్తిగా నునుపైతే ఎడం రెట్టింపయినప్పుడు తేడా కూడా రెట్టింపవుతుంది. తాగుబోతు నడకలా ప్రతి అడుగూ యాదృచ్ఛికమైతే, తేడా రెట్టింపు కావడానికి ఎడం నాలుగింతలు కావాలి. 1941లో రష్యన్ గణితవేత్త ఆండ్రీ కొల్మగోరొవ్ కల్లోల ప్రవాహానికి చెప్పిన లెక్క ప్రకారం ఎడం ఎనిమిదింతలైతే గాని తేడా రెట్టింపు కాదు. తేడా ఎడానికి ఘనమూలం లెక్కన పెరుగుతుంది. పెద్ద సుడుల శక్తి చిన్న సుడులకు, వాటి నుంచి ఇంకా చిన్నవాటికి, ఎక్కడా పోగొట్టుకోకుండా అంచెలంచెలుగా దిగుతుందన్న ఊహ దీనికి ఆధారం. ఇదే విషయాన్ని వర్ణపటంగా రాస్తే శక్తి తరంగసంఖ్య మీద మైనస్ అయిదు బై మూడు ఘాతాంకంతో తగ్గుతుంది. లాగ్ కాగితం మీద గీస్తే ఆ ఘాతాంకం ఒక సరళరేఖ వాలు. ఇప్పటికీ ఈ రంగంలో ఎక్కువ మంది చూసేది ఆ వాలునే.

అయస్కాంత క్షేత్రం ఉన్న ప్లాస్మాకు వేరే లెక్కలు వచ్చాయి. 1963లో ఇరోష్నికొవ్, 1965లో క్రైచ్నన్, అల్ఫ్‌వెన్ తరంగాలను లెక్కలోకి తీసుకుని మైనస్ మూడు బై రెండు అన్నారు. బలమైన అయస్కాంత క్షేత్రం కదలికలను దాదాపు ద్విమితీయం చేసేస్తుంది కాబట్టి క్రైచ్నన్ 1967 నాటి ద్విమితీయ సిద్ధాంతం కూడా ఇక్కడ వర్తించవచ్చు. దాని ప్రకారం శక్తి ఎదురుదారిన, చిన్నవాటి నుంచి పెద్దవాటికి పోతుంది. ఆ వైపున వాలు మైనస్ అయిదు బై మూడు, చిన్న పరిమాణాల వైపున మైనస్ మూడు. అరోరా క్షేత్రాల్లో కొలిచిన వాలులు సుమారు ఒకటిన్నర నుంచి మూడు దాకా ఉన్నాయి. అంటే ఏ వాలు వచ్చినా దానికి ఒక సిద్ధాంతం సిద్ధంగా ఉంది! ఇది సిద్ధాంతాల విజయం కాదు, వాటి మధ్య ఎంచుకోడానికి వాలు చాలదన్న హెచ్చరిక.

తొలి వర్ణపటాలు

కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ కింట్నర్ 1976లో హాక్‌ఐ ఉపగ్రహపు కొలతల్లో ఘాత నియమపు వర్ణపటాలను చూసి, పక్కపక్క పొరల మధ్య వేగభేదం వల్ల పుట్టిన కల్లోలంగా వాటిని వివరించారు. చార్లెస్ సెయ్‌లర్‌తో కలిసి ఆయన 1985లో రాసిన సమీక్ష అప్పటిదాకా తెలిసినదంతా ఒకచోటకు తెచ్చింది. వేగభేదపు వాదనకు ఆకాశంలోనే సాక్ష్యం ఉంది: టి.జె. హాలినన్, టి.ఎన్. డేవిస్ 1970లో టీవీ కెమెరాలతో అరోరా తెరల అంచున కొన్ని కిలోమీటర్ల సుడులు వరుసగా పుట్టి చుట్టుకోవడాన్ని నమోదు చేశారు.

అసలు మలుపు డైనమిక్స్ ఎక్స్‌ప్లోరర్ జంట. 1981 ఆగస్టు 3న రెండు ఉపగ్రహాలను ఒకే రాకెట్ మీద, ఒకే కక్ష్యాతలంలో, వేర్వేరు ఎత్తులకు పంపారు. రెండోది 309 నుంచి 1,012 కిలోమీటర్ల మధ్య తిరిగేది. మొదటిది వేల కిలోమీటర్ల పైన. అప్పుడప్పుడు రెండూ ఒకే బలరేఖ మీదికి వచ్చేవి. డేనియల్ వీమర్ బృందం 1985లో ఆ కలయికలను విశ్లేషిస్తే స్పష్టమైన ఫలితం వచ్చింది. సుమారు 100 కిలోమీటర్ల కంటే పెద్ద నిర్మాణాలు పైనా కిందా ఒకేలా ఉన్నాయి. అంతకంటే చిన్నవి పైన బలంగా ఉండి కిందికి వచ్చేసరికి పలచబడ్డాయి. కారణం మధ్యలో బలరేఖ వెంట ఉన్న వోల్టేజి. పెద్ద నిర్మాణాల దగ్గర బలరేఖలు మంచి తీగల్లా పనిచేస్తాయి. చిన్నవాటి దగ్గర ఆ తీగలోనే వోల్టేజి పడిపోయి, ఎలక్ట్రాన్లను తోయడానికి ఖర్చవుతుంది. అంటే వర్ణపటం వంపు తిరిగే చోటును నిర్ణయించేది ఇక్కడ కల్లోలం కాదు. అయనావరణపు వాహకత, బలరేఖ వెంట ప్రవాహానికీ వోల్టేజికీ ఉన్న సంబంధం.

ఇదే ఉపగ్రహాలు మరో కొలబద్ద ఇచ్చాయి. విద్యుత్ ఒడుదొడుకును అయస్కాంత ఒడుదొడుకుతో భాగిస్తే వేగపు ప్రమాణాల్లో ఒక సంఖ్య వస్తుంది. నిలకడైన ప్రవాహాలు కింద అయనావరణంలో మూసుకుంటుంటే ఆ సంఖ్య వాహకత మీద ఆధారపడుతుంది. వాహకత 10 సీమెన్సులైతే సెకనుకు 80 కిలోమీటర్లు. అల్ఫ్‌వెన్ తరంగాలైతే ఆ సంఖ్య అల్ఫ్‌వెన్ వేగానికి దగ్గరగా, అయనావరణం పైభాగంలో సెకనుకు వందల నుంచి కొన్ని వేల కిలోమీటర్లు ఉండాలి. కొలతల్లో పెద్ద పరిమాణాల దగ్గర మొదటిది, చిన్నవాటి దగ్గర రెండోదాని వైపు మొగ్గు కనిపిస్తుంది. ఒకే వర్ణపటంలో ఒకే వాలుతో ఉన్న గీత కింద రెండు వేర్వేరు భౌతిక ప్రక్రియలు ఉండవచ్చన్నమాట.

వాలు సాక్ష్యం చాలదు

ఒక చిన్న పరీక్ష. అరోరా తెర అంచున విద్యుత్ క్షేత్రం ఒక్కసారిగా తెగ్గోసినట్టు మారిందనుకుందాం. మిగతా అంతా సమతలం. ఏ సుడీ లేదు, ఏ కల్లోలమూ లేదు. ఆ ఒక్క మెట్టు వర్ణపటం గీస్తే మైనస్ రెండు వాలుతో చక్కటి సరళరేఖ వస్తుంది. తాగుబోతు నడకకూ అదే మైనస్ రెండు. అయిదు బై మూడుకూ రెండుకూ తేడా మూడింట ఒక వంతు మాత్రమే. కొన్ని సెకన్ల కొలతల మీద గీసిన వర్ణపటంలో ఆ తేడాను ఖాయంగా చెప్పడం కష్టం. వర్ణపటం ఒడుదొడుకుల బలాన్నే ఉంచుకుని అవి ఏ వరుసలో అమరాయన్న సమాచారాన్ని పారేస్తుంది. కల్లోలానికీ నకిలీ కల్లోలానికీ తేడా దాగి ఉండేది ఆ అమరికలోనే.

అందుకే 2000 తర్వాత పరిశోధన వర్ణపటం దాటి ముందుకు కదిలింది. ఇప్పుడు తేడాల సగటునే కాక వాటి సంభావ్యతా విభాజనం మొత్తాన్నీ చూస్తారు. పెద్ద ఎడాలకు అది గాసియన్ గంట ఆకారంలో ఉంటుంది. ఎడం తగ్గేకొద్దీ మధ్య సన్నబడి తోకలు బలుస్తాయి: ఎక్కువ భాగం ప్రశాంతంగా ఉండి, అక్కడక్కడా విపరీతమైన దూకుళ్లు. దీన్నే ఇంటర్మిటెన్సీ అంటారు. నిజమైన కల్లోల ప్రవాహాల్లో ఇది ఉంటుందని గాలి, నీటి ప్రయోగాలు ఎప్పుడో చూపాయి. 1962లో కొల్మగోరొవ్ తన సిద్ధాంతాన్ని తానే సవరించింది దీని కోసమే. పరీక్ష కోసం కొలతలను వాటి వర్ణపటం చెడకుండా, తరంగాల దశలను మాత్రం తారుమారు చేసి చూస్తారు. బలిసిన తోకలు మాయమైతే అవి అసలు కొలతల్లోని అమరికకు చెందినవని రుజువు.

అరోరాలో ఇలాంటి విశ్లేషణకు కొలతలు అలాస్కాలో దొరికాయి. 2002 జనవరిలో పోకర్ ఫ్లాట్ నుంచి పైకి వెళ్లిన సియెర్రా సౌండింగ్ రాకెట్ చురుకైన అరోరా మీదుగా పోతూ విద్యుత్ క్షేత్రాన్ని కొలిచింది. సన్నీ టామ్, టామ్ చాంగ్, కింట్నర్, ఇ.ఎం. క్లాట్ 2005లో ప్రకటించిన విశ్లేషణలో చిన్న కాలపరిమాణాల దగ్గర బలిసిన తోకలు స్పష్టంగా కనిపించాయి. 2010లో అదే కొలతలకు వారు మరో పద్ధతి పెట్టారు. మామూలుగా చిన్నా పెద్దా ఒడుదొడుకులన్నిటినీ కలిపి ఒక ఘాతాంకం చెబుతారు. వారు ఒడుదొడుకులను బలాన్ని బట్టి వర్గాలుగా విడదీసి ప్రతి వర్గానికీ దాని ఘాతాంకం కనుక్కున్నారు. ఒకే స్కేలింగ్ అన్ని పరిమాణాలకూ సరిపోలేదు. ఒక పరిధి నుంచి మరో పరిధికి నియమం మారింది. ద్రవంలా ప్రవర్తించే ప్లాస్మా నుంచి విడివిడి కణాల ప్రవర్తన ముఖ్యమయ్యే చోటికి ఇది సరిహద్దు అని అర్థం చేసుకోవచ్చు.

దాదాపు అదే సమయంలో రష్యాలోని అపాటిటీ నగరంలో ఉన్న పోలార్ జియోఫిజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇరినా గొలోవ్‌చన్స్కాయా, బోరిస్ కోజెలోవ్ పాత డైనమిక్స్ ఎక్స్‌ప్లోరర్-2 కొలతలను మళ్లీ బయటికి తీశారు. ఉపగ్రహం 1983లోనే వాతావరణంలో పడి కాలిపోయింది; దాని కొలతలు ఇరవై ఏళ్ల తర్వాత కొత్త ప్రశ్నలకు పనికొచ్చాయి. చిన్న పరిమాణపు కల్లోలం బిర్క్‌లాండ్ ప్రవాహాలున్న మండలాలతో ముడిపడి ఉందని వారు 2006లో చూపారు.

ఇక్కడ ఒక అంకెల చిక్కు ఉంది. ఆ ఉపగ్రహం సెకనుకు 16 సార్లు కొలిచేది. అంటే దాదాపు అర కిలోమీటరుకు ఒక విలువ. 500 కిలోమీటర్ల అరోరా మండలాన్ని అది ఒక నిమిషం పైచిలుకులో దాటుతుంది. చేతికి వచ్చేవి వెయ్యి విలువలు. తేడాలను ఎంత ఎత్తు ఘాతాల దాకా పెంచి సగటును నమ్మకంగా లెక్కించవచ్చో చెప్పే వాడుక సూత్రం ఒకటుంది: విలువల సంఖ్యకు పది ఆధారంగా లాగ్ తీసి ఒకటి తగ్గించాలి. వెయ్యి విలువలకు వచ్చేది రెండు. రెండో ఘాతం అంటే మళ్లీ వర్ణపటమే! నాలుగు, ఆరు ఘాతాలు కావాలంటే వందల దాటింపులు కలపాలి. వేర్వేరు రోజులు, వేర్వేరు సౌరపవనాలు, వేర్వేరు ఋతువులు కలిసిపోతాయి. అలా కలపడం వల్లే తోకలు బలిసి కనిపించే ప్రమాదమూ ఉంది. ఈ జాగ్రత్త తీసుకోని పత్రాలను కొంచెం అనుమానంగానే చదవాలి.

ఎవరు కలబెడుతున్నారు

వివరణలు మూడు వైపుల నుంచి వస్తాయి. మొదటిది పైనుంచి వచ్చిందన్నది. సౌరపవనమే కల్లోల ప్రవాహం. దాని ఒడుదొడుకులు బలరేఖల వెంట దిగి అయనావరణంలో ముద్ర వేయవచ్చు. అంటార్కిటికాలోని హేలీ రాడార్ కొలతలను జి.ఎ. ఏబెల్, ఎం.పి. ఫ్రీమన్, జి. చిషమ్ 2006లో విశ్లేషించినప్పుడు, సౌరపవనానికి తెరుచుకుని ఉన్న బలరేఖల ప్రాంతంలో ఒక రకం స్కేలింగ్, రెండు కొసలూ భూమిలోనే ఉన్న మూసిన బలరేఖల ప్రాంతంలో మరో రకం కనిపించాయి. పైనున్న ముద్ర కొంతైనా దిగుతోందనడానికి ఇది మంచి ఆధారం.

రెండోది అక్కడికక్కడే పుట్టిందన్నది. అల్ఫ్‌వెన్ తరంగాలు కిందికి దిగుతూ, అయనావరణం నుంచి ప్రతిఫలించి, ఎదురొచ్చే తరంగాలతో ఢీకొంటూ సన్నబడతాయి. వాటి వెడల్పు ఎలక్ట్రాన్ జడత్వ దూరానికి చేరితే బలరేఖ వెంట విద్యుత్ క్షేత్రం పుట్టి ఎలక్ట్రాన్లను ఈడ్చుకుపోతుంది. ఘన సెంటీమీటరుకు వెయ్యి ఎలక్ట్రాన్లుంటే ఆ దూరం సుమారు 170 మీటర్లు. లక్ష ఉంటే 17 మీటర్లు. కల్లోలపు శక్తి అంతిమంగా వేడిగా మారే మెట్టు ఇక్కడ ఎలక్ట్రాన్లను తరిమే మెట్టు. 1996లో పైకెళ్లిన నాసా ఉపగ్రహం ఫాస్ట్ కొలతలతో క్రిస్ చాస్టన్ బృందం 2008లో ఈ వాదాన్ని బలంగా వినిపించింది. నా దృష్టిలో చిన్న పరిమాణాలకు ఇదే అన్నిటికంటే నిలబడే వివరణ, ఎందుకంటే ఇది వాలు దగ్గర ఆగదు. ఎలక్ట్రాన్లకు ఎంత శక్తి రావాలో కూడా చెబుతుంది, దాన్ని విడిగా కొలిచి సరిచూడవచ్చు.

మూడోది కింది నుంచి వచ్చిందన్నది. ఎలక్ట్రాన్లు పడిన చోట అయనావరణపు వాహకత పెరుగుతుంది, పక్కన పెరగదు. ప్రవాహం అదే అయినా వాహకత మచ్చలు మచ్చలుగా ఉంటే క్షేత్రమూ మచ్చలు పడుతుంది. సూర్యుడి వెలుగు పడితే వాహకత అంతటా పెరిగి ఈ తేడాలు సర్దుకుంటాయి. ఎండ ఉన్నచోట తీవ్రమైన అరోరా తెరలు తగ్గుతాయని పాట్రిక్ న్యూవెల్ బృందం 1996లో చూపింది. ఋతువు మారితే విద్యుత్ కల్లోలం కూడా మారడానికి ఇది సహజమైన కారణం.

వీటి మధ్య ఒకటే నిజమని తేల్చనవసరం లేదు. కాని మూడిట్లో ఒకటి మాత్రమే, అంటే రెండోది, కొల్మగోరొవ్ అర్థంలో కల్లోల ప్రవాహం. మిగతా రెండూ వేరేచోట తయారైన ఆకారాల ముద్రలు.

వెలుగులోనూ ఇదే లెక్క

అరోరా కాంతిలో కూడా ఘాత నియమాలున్నాయి. వాడిమ్ ఉరిట్స్కీ బృందం 2002లో పోలార్ ఉపగ్రహం తీసిన అతినీలలోహిత చిత్రాల్లో వెలుగు మచ్చల పరిమాణం, శక్తి, ఆయుష్షు ఘాత నియమాలను పాటిస్తాయని చూపింది. 2004లో నేల మీది టీవీ కెమెరాలతో కోజెలోవ్, ఉరిట్స్కీ, క్లైమస్ దాన్ని ఇంకా చిన్న పరిమాణాలకు పొడిగించారు. కల్లోలానికి బదులు, 1987లో పెర్ బాక్ సహచరులు చెప్పిన స్వయంవ్యవస్థిత సంక్షోభస్థితి, అంటే కొండచరియల వంటి ఒరవడి, దీనికి కారణం కావచ్చన్నది వారి మొగ్గు. పరికరం ఎలా మోసం చేయగలదో కూడా అరోరా తెరల వెడల్పే చెబుతుంది. 1968లో మాగ్స్, డేవిస్ సన్నని కోణపు టీవీ కెమెరాతో కొలిస్తే మధ్యగత వెడల్పు 230 మీటర్లు. 2001లో నడ్సన్ బృందం ఆకాశమంతా చూసే కెమెరాతో నిలకడైన తెరలను కొలిస్తే సగటు 18 కిలోమీటర్లు. ఎవరూ తప్పు చేయలేదు; ఎవరి కెమెరాకు అందింది వారు చూశారు.

ఎందుకు పట్టించుకోవాలి

విద్యుత్ క్షేత్రం అయనావరణంలో వాయువును వేడెక్కిస్తుంది. ఆ వేడి క్షేత్రపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. సగటు మీటరుకు 30 మిల్లీవోల్టులుండి, దాని చుట్టూ ఒడుదొడుకులు కూడా 30 అయితే అసలు వేడి సగటుతో లెక్కించినదానికి రెట్టింపు. మిహై కోడ్రెస్కు బృందం 1995లో ఈ సంగతి ఎత్తిచూపాక, పై వాతావరణపు నమూనాలు వేడిని ఎందుకు తక్కువ చూపుతున్నాయో అర్థమైంది. అవి వాడే క్షేత్రాలు నునుపైనవి. వేడెక్కిన గాలి ఉబ్బి ఉపగ్రహాలను వెనక్కి లాగుతుంది. 2022 ఫిబ్రవరిలో ఒక మోస్తరు అయస్కాంత తుపాను వచ్చినప్పుడు, అప్పుడే పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 పైకి చేరలేక కాలిపోయాయి.

రెండో ఫలితం ఆక్సిజన్ తప్పించుకోవడం. ఆక్సిజన్ అయాను భూమ్యాకర్షణను దాటాలంటే సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అయనావరణంలో దానికుండేది ఒక ఎలక్ట్రాన్ వోల్టులో చిన్న భాగం. సెకనుకు కొన్ని పదుల కంపనాల దగ్గర, అంటే అయాను అయస్కాంత బలరేఖ చుట్టూ తిరిగే లయలో, కల్లోల క్షేత్రం దాన్ని మళ్లీ మళ్లీ తోస్తుంది. 1986లో చాంగ్ సహచరులతో ఈ యంత్రాంగాన్ని లెక్కగట్టారు. ఆ లెక్కకు కావలసింది ఆ లయ దగ్గర కల్లోలం బలం ఎంత అన్నదే; స్కేలింగ్ తెలిస్తే పెద్ద పరిమాణాల కొలతల నుంచి దాన్ని అంచనా కట్టవచ్చు.

భూమధ్యరేఖ దగ్గరి బంధువు

తెలుగు నేలకు అరోరా కనబడదు. కానీ దానితో భౌతికశాస్త్రం పంచుకునే వ్యవహారం ఒకటి మన నెత్తిమీదే ఉంది. అరోరా ప్రాంతపు విద్యుత్ క్షేత్రం మీటరుకు 20 మిల్లీవోల్టులు దాటితే, 100 కిలోమీటర్ల పైన ఎలక్ట్రాన్ల వేగం ధ్వని వేగాన్ని మించి, మీటరు పరిమాణపు తరంగాలు పుడతాయి. డొనాల్డ్ ఫార్లే, ఆస్కార్ బునెమన్ 1963లో విడివిడిగా చెప్పిన ఈ అస్థిరతకు తొలి సందర్భం అరోరా కాదు, అయస్కాంత భూమధ్యరేఖ మీది విద్యుత్ ప్రవాహం. అదే 1963లో, నవంబరు 21న, ఆ రేఖకు దగ్గరగా ఉందన్న కారణంతో ఎంచుకున్న కేరళలోని తుంబా నుంచి భారత గడ్డ మీది తొలి సౌండింగ్ రాకెట్ పైకి వెళ్లింది. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధనాలయపు ఎంఎస్‌టి రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. దానికి ప్రతిధ్వని ఇచ్చేవి తరంగదైర్ఘ్యంలో సగం, అంటే 2.8 మీటర్ల నిర్మాణాలు. రాత్రిపూట దక్షిణ భారతం మీద లేచే ప్లాస్మా బుడగల అంచుల్లో అవి పుష్కలంగా ఉంటాయి. వాటి వర్ణపటాలకూ ఘాత నియమమే, అక్కడా వాలు గురించి ఇదే పేచీ.

ఈ పేచీ తీరాలంటే ఒకే ప్రాంతాన్ని ఒకేసారి అనేక చోట్ల నుంచి కొలవాలి. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లలో కడుతున్న ఐస్కాట్-3డి రాడార్ మూడు చోట్ల నుంచి ఒకే ఘనపరిమాణాన్ని చూసేలా రూపొందింది. అంతవరకు ఈ రంగపు పత్రాలు చదివేవారికి ఒక సూచన. ఘాతాంకం విలువ కంటే ముందు మూడు సంగతులు వెతకండి: కొలిచింది ఏ ఎత్తున, సరళరేఖ గీసింది ఎంత నుంచి ఎంత పరిమాణం దాకా, ఎన్ని దాటింపుల మీద. పరిమాణాల పరిధి కనీసం పదిరెట్లయినా లేకపోతే ఆ వాలును సిద్ధాంతానికి రుజువుగా లెక్కలోకి తీసుకోవద్దు.